కొలిచే సాధనమా, కదిలించే సాధనమా? సరఫరా గొలుసుకు ఏది ముందు

ఒక సంస్థ ప్యాకింగుకు వాడే అట్టపెట్టెలను మార్చిందనుకుందాం. పాత మిల్లు బొగ్గు మీద నడిచేది. కొత్త మిల్లు వాడేసిన కాగితాన్నే తిరిగి గుజ్జు చేసి సౌర విద్యుత్తుతో పెట్టెలు తయారు చేస్తుంది. ధర మాత్రం పదిహేను శాతం ఎక్కువ. పర్యావరణం కోసం ఆ తేడా భరించడానికి యాజమాన్యం ఒప్పుకుంది. ఏడాది చివర కర్బన ఉద్గారాల సాఫ్ట్‌వేర్‌తో లెక్క తీస్తే, అట్టపెట్టెల పద్దులో ఉద్గారాలు కచ్చితంగా పదిహేను శాతం పెరిగాయి!

ఇందులో మోసమేమీ లేదు. ఆ సాఫ్ట్‌వేర్ చూసింది పెట్టెలను కాదు, బిల్లులను. అట్ట మీద ఇంత ఖర్చు పెడితే సగటున ఇంత కర్బనం అని ఒక గుణకం పెట్టుకుని హెచ్చవేసింది. ఖర్చు పెరిగింది కనుక కర్బనమూ పెరిగినట్టు తేల్చింది. మంచి పని చేసినవాడికి మొట్టికాయ దక్కింది.

ఈ రంగంలో సాంకేతికత కొనేవాళ్లకు ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఇలాంటివే. మనం అడిగే ప్రశ్న ఒకటి, కొన్న సాధనం జవాబు చెప్పగల ప్రశ్న ఇంకొకటి. అందుకే బ్లాక్‌చెయిన్ (పలువురు పంచుకునే, చెరపలేని కంప్యూటర్ లెక్కల పుస్తకం), సెన్సర్లు, ఉపగ్రహాలు, కృత్రిమ మేధ అంటూ వరసగా నిలబెట్టి ఏది గొప్పదని తూచడం నాకు నచ్చదు. నేను వీటిని రెండు కుప్పలుగా పోస్తాను. ఉద్గారాల లెక్కల సాఫ్ట్‌వేర్, ఉపగ్రహ చిత్రాలు, సెన్సర్లు, బ్లాక్‌చెయిన్ కొలిచేవి. బండి ఏ దారిన వెళ్లాలో, ఎంత సరుకు తెప్పించాలో, నౌక ఎంత వేగంతో రావాలో చెప్పేవి కదిలించేవి. మొదటి కుప్పలోవి ఎంత పెట్టి కొన్నా వాటంతట అవి ఒక్క గ్రాము ఉద్గారం కూడా తగ్గించవు. రెండో కుప్పలోవి తగ్గించగలవు కానీ, ఎంత తగ్గిందో బయటివాళ్లకు రుజువు చేసే భారం మోయవు.

కనుక ముందు మీకు మీరు వేసుకోవలసిన ప్రశ్న: పని ఆగింది తెలియకనా, తెలిసీ చేయలేకనా? నూలు ఏ చేనుదో తెలియనివాడికి కొలిచే సాధనం కావాలి. తన లారీలు సగం ఖాళీగా తిరుగుతున్నాయని ఎప్పటినుంచో తెలిసినవాడికి అంకెలు చూపే ఇంకో కంప్యూటర్ తెర ఎందుకు?

ఉద్గారాల లెక్క: మూడు పద్ధతులు, మూడు అవసరాలు

సంస్థ సొంత గోడల బయట, కొనుగోళ్లలోనూ రవాణాలోనూ సరుకు వాడకంలోనూ పుట్టే ఉద్గారాలను స్కోప్ 3 అంటారు. ఉద్గారాల లెక్కకు ప్రమాణాలు రాసే జీహెచ్‌జీ ప్రోటోకాల్ 2011లో తెచ్చిన ప్రమాణం వీటిని 15 తరగతులుగా విడదీసింది. కొనుగోళ్ల లెక్కకు మూడు దారులున్నాయి. ఒకటి ఖర్చును బట్టి, ఒకటి సరుకు బరువును బట్టి, ఇంకొకటి సరఫరాదారు సొంత అంకెలను బట్టి.

ఖర్చు లెక్కను తీసిపారేయనక్కర్లేదు. ఏ పద్దు కింద ఎక్కువ కర్బనం దాగి ఉందో కొద్ది వారాల్లో చూపిస్తుంది, దానికి అకౌంట్స్ విభాగంలో ఉన్న సమాచారమే చాలు. ఎక్కడ తవ్వాలో అది చెబుతుంది. తవ్వాక నీళ్లు ఎంత పడ్డాయో మాత్రం చెప్పలేదు. పోయినేటికీ ఈ ఏటికీ తేడా చూపాలంటే కనీసం బరువు లెక్కకు రావాలి. అట్టపెట్టెల సంస్థ చేయాల్సిందీ ఇదే. బిల్లు మీద ఉండే టన్నుల అంకెను కూడా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. రెండు మిల్లుల మధ్య తేడా పట్టాలంటే మిల్లు సొంత అంకెలే తెప్పించాలి. అన్ని కొనుగోళ్లకూ ఇంత శ్రమ అక్కర్లేదు. ఉద్గారాల్లో సింహభాగం సాధారణంగా పది, ఇరవై సరుకుల దగ్గరే ఉంటుంది, వాటికి చేస్తే చాలు.

సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవాళ్లను నేనైతే రెండు విషయాలు అడుగుతాను. సరఫరాదారు తన అంకె ఇస్తే, సగటు గుణకం స్థానంలో దాన్ని పెట్టగలరా? నివేదికలో అసలు అంకె ఏదో, అంచనా ఏదో విడివిడిగా కనబడుతుందా? రెండో ప్రశ్నకు నసిగితే ఇక మాట్లాడటం అనవసరం. ఇంకొక చిన్న పరీక్ష కూడా పెట్టండి. ఒక సరఫరాదారు విద్యుత్తు వినియోగం గడిలో కిలోవాట్ గంటల అంకెను మెగావాట్ గంటలుగా నింపి చూడండి. వెయ్యి రెట్లు పెరిగిన ఆ అంకెను చూసి కూడా సాఫ్ట్‌వేర్ కిక్కురుమనకపోతే, నిజంగా అలాంటి తప్పు దొర్లిన రోజున మిమ్మల్ని హెచ్చరించేవాళ్లు ఉండరు.

అసలు అంకెల విలువ ఇప్పుడు డబ్బులో కూడా తెలుస్తోంది. దిగుమతి సరుకు తయారీలో పుట్టిన కర్బనానికి రుసుము వేసే ఐరోపా సమాఖ్య సరిహద్దు కర్బన సర్దుబాటు విధానం 2026 జనవరి 1న పూర్తిస్థాయి దశలోకి వచ్చింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దాని పరిధిలో ఉన్నాయి. కర్మాగారం సొంత లెక్క చూపలేని సరుకుకు ముందే నిర్ణయించిన ప్రామాణిక విలువలు కడతారు. శుభ్రంగా తయారుచేసి కూడా కాగితాలు లేనివాడు మురికిగా తయారుచేసినవాడితో సమానంగా నష్టపోయే ప్రమాదం ఉందన్నమాట.

సరుకు పుట్టుక: బ్లాక్‌చెయిన్, ఉపగ్రహం, ప్రయోగశాల

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

బ్లాక్‌చెయిన్‌కు పేరు తెచ్చిన ఉదాహరణ వాల్‌మార్ట్, ఐబీఎం కలిసి చేసిన మామిడిపళ్ల ప్రయోగం. ఒక ప్యాకెట్‌లోని మామిడి ముక్కలు ఏ తోటవో కనిపెట్టడానికి పాత పద్ధతిలో దాదాపు 7 రోజులు పట్టింది, కొత్త వ్యవస్థలో 2.2 సెకన్లు పట్టింది. ఈ అంకెను వినని సమావేశం ఉండదు. కానీ ఆ 7 రోజులు దేనికి పట్టాయి? కాగితాలు వెతకడానికి, ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేయడానికి. అందరూ ఒకే రూపంలో, ఒకే సంఖ్యలతో కంప్యూటర్‌లో నమోదు చేస్తే మామూలు డేటాబేస్ కూడా సెకన్లలోనే జవాబిస్తుంది. ఆ ఘనతలో పెద్ద వాటా నమోదు క్రమశిక్షణదని నా నమ్మకం.

మరి బ్లాక్‌చెయిన్ ప్రత్యేకత ఏమిటి? ఒకసారి రాసినదాన్ని ఎవరూ చడీచప్పుడు లేకుండా మార్చలేరు, పుస్తకం ఏ ఒక్కరి చేతిలోనూ ఉండదు. ఒకరినొకరు నమ్మని నలుగురైదుగురు వ్యాపారులు ఉండి, లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉంచాలో తేలనప్పుడు ఇది పనికొస్తుంది. మీరే పెద్ద కొనుగోలుదారు అయి, మిగతావాళ్లు మీ పోర్టల్‌లో నింపడానికి సిద్ధంగా ఉంటే దీని అవసరం దాదాపు లేనట్టే. పైగా రాసేవాడు తప్పు రాస్తే, ఆ తప్పు కూడా చెరగకుండా నిలిచిపోతుంది. చేనుకూ మొదటి గోదాముకూ మధ్య ఎవరి సరుకు ఎవరిదాంట్లో కలిసిందో ఏ బ్లాకూ చూడలేదు.

నమ్మకం సంగతి ఎత్తాను కాబట్టి ట్రేడ్‌లెన్స్ కథ చెప్పుకోవాలి. ఓడ రవాణా కాగితాలన్నీ ఒకేచోటికి తేవాలని ఓడ రవాణా సంస్థ మేర్స్క్, ఐబీఎం 2018లో దాన్ని నిలబెట్టాయి. 2022 నవంబరులో మూసివేత ప్రకటించాయి. సాంకేతికత పనిచేయక కాదు, పరిశ్రమ అంతా కలిసిరాక. పోటీదారు ఇంట్లో పెట్టిన పెట్టెలో తన లెక్కలు దాచుకోవడానికి ఎవరు మాత్రం ఉత్సాహం చూపుతారు?

న్యాయంగా ఒక మాట: బ్లాక్‌చెయిన్ విద్యుత్తు మింగేస్తుందన్న పాత అభ్యంతరాన్ని ఇప్పుడు ఎత్తడం సరికాదు. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే పేరున్న బ్లాక్‌చెయిన్ పద్ధతి మార్చాక దాని విద్యుత్తు వాడకం 99 శాతానికి పైగా పడిపోయింది. సరఫరా గొలుసుల్లో వాడే ప్రైవేటు బ్లాక్‌చెయిన్‌లలో, విద్యుత్తు మింగే ఆ ‘మైనింగ్’ లెక్కల పోటీ మొదటినుంచీ లేదు.

ఉపగ్రహాల దారి వేరు. అవి ఎవరి మాటా నమ్మవు, నేలను చూస్తాయి. ఐరోపాకు చెందిన సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాల్లో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల చదరం. ఒకే చోటును దాదాపు 5 రోజులకోసారి చూస్తాయి, చిత్రాలు ఉచితం. మబ్బు పట్టినప్పుడు సెంటినెల్-1 రాడార్ ఆదుకుంటుంది. అడవి కొట్టేసిన నేలలో పండిన సరుకును కట్టడి చేసే ఐరోపా సమాఖ్య చట్టం 2023లో వచ్చింది. అమలు వాయిదాలు పడుతున్నా, పశువులు, కోకో, కాఫీ, పామాయిలు, రబ్బరు, సోయా, కలప కొనేవాళ్లందరినీ అది అప్పటినుంచే మ్యాపుల ముందు కూర్చోబెట్టింది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరకని నేల అని చూపాలి. 4 హెక్టార్లు దాటిన తోటకు సరిహద్దు గీత ఇవ్వాలి, అంతకు తక్కువైతే ఒక బిందువు చాలు.

ఆ బిందువుల జాబితాను ఒకసారి దగ్గరగా చూస్తే ఎన్నో వింతలు బయటపడతాయి. అక్షాంశం గడిలో రేఖాంశం పడి, తోట వేరే ఖండంలో తేలుతుంది. దశాంశాలు కత్తిరించడంతో వందల తోటలు ఒకే చోట గుమిగూడతాయి. అన్నిటికన్నా తమాషా అయినది సున్నా, సున్నా. వివరం ఇవ్వని గడులను కంప్యూటర్ సున్నాలుగా భావిస్తే, ఆ తోటలన్నీ పశ్చిమాఫ్రికా తీరానికి ఆవల గినీ సింధుశాఖ నీళ్లలో కనబడతాయి. కోకో పండే దేశాలకు అది మరీ దూరం కాదు కాబట్టి, మ్యాపును దూరం నుంచి చూసేవారి కంట పడకుండా తప్పించుకుంటుంది కూడా. ఉపగ్రహ సేవ కొనేముందు ఈ జాబితాను శుభ్రం చేయండి. దానికి కావలసింది ఒక స్ప్రెడ్‌షీట్, ఓపిక ఉన్న ఒక మనిషి.

ఉపగ్రహానికీ గుడ్డి మచ్చలున్నాయి. పెద్ద చెట్ల నీడన పెంచిన కోకో తోటకూ అడవికీ తేడా చెప్పడంలో తడబడుతుంది. ఈ తోటలో అడవి నరకలేదని చూపుతుంది కానీ, మీ చేతిలోని బస్తా ఈ తోటదేనని చెప్పలేదు. ఆ పని ప్రయోగశాలది. పంట పెరిగిన నేలనూ నీటినీ బట్టి అందులో ఐసోటోపుల (ఒకే మూలకానికి చెంది బరువులో తేడా ఉన్న పరమాణువుల) పాళ్లు మారుతాయి. నమూనా తీసి, ముందే సేకరించి పెట్టుకున్న ప్రాంతాల నమూనాలతో పోలిస్తే, చెప్పిన ప్రాంతానికి పొసుగుతుందో లేదో తెలుస్తుంది. ప్రతి బస్తాకూ ఈ పరీక్ష చేయడం కుదిరే పని కాదు. అప్పుడప్పుడు, చెప్పాపెట్టకుండా చేస్తేనే దానికి పదును.

నా ఎంపిక అడిగితే: చట్టం నేల వివరం అడుగుతుంటే ఉపగ్రహం, దానికి తోడు అరుదుగా ప్రయోగశాల. బ్లాక్‌చెయిన్ చిట్టచివర, అదీ పైన చెప్పిన నమ్మకం చిక్కు నిజంగా ఉంటేనే.

సెన్సర్: ఎక్కడ పెట్టారు, ఎవరు చూస్తారు

ప్రపంచంలో పండిన ఆహారంలో దాదాపు 14 శాతం కోతకూ దుకాణానికీ మధ్యలోనే పోతోందని ఆహార, వ్యవసాయ సంస్థ అంచనా. పారేసిన పండుతో పాటు దాన్ని పండించిన నీళ్లు, ఎరువు, మోసిన డీజిలు కూడా వృథానే. అందుకే శీతల రవాణాలో సెన్సర్లకు గట్టి కారణం ఉంది.

కానీ ఒక శీతల కంటైనర్ లోపలికి వెళ్లి చూడండి. చల్లగాలి యంత్రం ఉన్న చివర, కింది నుంచి వస్తుంది. నేల మీది గాడుల గుండా తలుపు వైపు పాకి, సరుకు మధ్య నుంచి పైకి లేచి వెనక్కి వెళుతుంది. పెట్టెలను కప్పు దాకా ఇరికించి పేర్చితే ఆ తిరుగు దారి మూసుకుపోతుంది. తలుపు దగ్గర, పై వరసలో వేడి నిలుస్తుంది. ఎక్కించేవాళ్లు తొందరలో సెన్సర్‌ను యంత్రం పక్కన అతికిస్తే ప్రయాణమంతా గ్రాఫు గీత గీసినట్టు తిన్నగా, ఎగుడుదిగుడు లేకుండా వస్తుంది. గమ్యంలో తలుపు తీస్తే ముందుగా తగిలేది కుళ్లు వాసన. సెన్సర్ అబద్ధం చెప్పలేదు. తాను ఉన్నచోటి సంగతి చెప్పింది, అంతే.

ఎప్పటికప్పుడు సమాచారం పంపే సెన్సరా, ప్రయాణం అయ్యాక తీసి చదివే లాగరా అన్న ఎంపికకు ఒకే కొలమానం వాడండి. హెచ్చరిక వచ్చిన అరగంటలో ఎవరైనా ఏదైనా చేయగలరా? లారీ అయితే డ్రైవరును ఆపి తలుపు చూడమనవచ్చు, దగ్గరి మార్కెట్‌కు మళ్లించవచ్చు. అక్కడ ప్రత్యక్ష సెన్సర్ తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. అర్ధరాత్రి హెచ్చరికను పొద్దున్న పదింటికి తెరిచి చూసే కార్యాలయానికి మాత్రం లాగర్ చాలు. రెండింటిలో ఏదైనా, తిరిగి వాడుకోగలిగేదే తీసుకోండి. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పుట్టాయి. అందులో పద్ధతి ప్రకారం సేకరించి పునర్వినియోగానికి పంపినట్టు నమోదైంది 22.3 శాతమే. ఒక్క ప్రయాణానికి వాడి పారేసే బ్యాటరీ సెన్సర్‌తో సుస్థిరత సాధిస్తామనడం నవ్వులపాలయ్యే మాట. పెట్టె వచ్చిందా లేదా అన్నంతవరకే కావాలంటే రేడియో తరంగాలతో చదివే, బ్యాటరీ లేని ఆర్‌ఎఫ్‌ఐడీ చీటీ సరిపోతుంది.

కదిలించేవి

బలమైన ఉదాహరణ అమెరికా పార్శిల్ సంస్థ యూపీఎస్ వాడే దారి నిర్ణయించే వ్యవస్థ ఒరాయన్. వాహనాలు కుడివైపు నడిచే అమెరికాలో ఎడమ మలుపులంటే ఎదురు వాహనాల కోసం ఇంజిను ఆన్‌లో పెట్టి ఆగడమే. వీలైనంతవరకు వాటిని తప్పించడంతో సహా రోజంతటి వరసనూ అది లెక్కిస్తుంది. ఏటా సుమారు 16 కోట్ల కిలోమీటర్లు, 3.8 కోట్ల లీటర్ల ఇంధనం మిగులుతున్నాయని ఆ సంస్థ చెబుతుంది. అంత పెద్ద బళ్ల గుంపు ఉన్నప్పుడే ఆ స్థాయి లాభం. పది బళ్లున్నవారికి ఖరీదైన వ్యవస్థ అక్కర్లేదు, నెలవారీ అద్దెకు దొరికే మామూలు దారి ప్రణాళిక సాఫ్ట్‌వేర్ చాలు.

ఖాళీ లారీల సంగతి దీనికన్నా పెద్దది. ఐరోపా సమాఖ్యలోనే సరుకు లారీలు తిరిగే దూరంలో దాదాపు ఐదోవంతు ఖాళీగా తిరిగేదే. తిరుగు ప్రయాణానికి ఎవరి దగ్గర సరుకు ఉందో జతచేసే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. కానీ తన సరుకు ఎక్కడికి పోతోందో పోటీదారుకు తెలియనివ్వడం ఇష్టం లేకపోవడమే అసలు అడ్డంకి. ఇలాంటిచోట ఒప్పందం కుదర్చగల మధ్యవర్తి ఉన్న వేదికనే ఎంచుకోండి. లెక్కలు వేసే తెలివి అన్నిటికీ ఉంటుంది.

ఓడల దగ్గర ఇంకా విడ్డూరం. చాలా రేవుల్లో ముందు వచ్చినవారికి ముందు చోటు. దాంతో నౌకలు ఇంధనం తగలేస్తూ పరుగెత్తుకొచ్చి, రేవు బయట లంగరు వేసి రోజుల తరబడి ఎదురుచూస్తాయి. ఓడ ఇంజినుకు కావలసిన శక్తి సుమారుగా వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 10 శాతం తగ్గిస్తే ప్రయాణం ఎక్కువసేపు పట్టినా మొత్తం ఇంధనం ఇంచుమించు 19 శాతం తగ్గుతుంది. రేవు తన ఖాళీ సమయాన్ని ముందుగా చెప్పి, ఓడ దానికి తగ్గట్టు నెమ్మదిగా రావడానికి పెద్ద కృత్రిమ మేధ ఏమీ అక్కర్లేదు. సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం, తొందరగా రమ్మని బలవంతపెట్టే ఒప్పంద నిబంధనను మార్చడం, ఈ రెండూ కావాలి.

గిరాకీ అంచనాకు కృత్రిమ మేధ కావాలా అన్నదానికి మంచి సాక్ష్యం ఉంది. అంచనా పద్ధతుల మధ్య జరిగే మాక్రిడాకిస్ పోటీల్లో, 2018 నాటి నాలుగోదానిలో లక్ష రకాల గణాంకాలు ఇస్తే, కేవలం యంత్ర అభ్యాసంతో (డేటా నుంచి తానే నేర్చుకునే కృత్రిమ మేధతో) దిగినవి పాత గణాంక పద్ధతుల మిశ్రమాల ముందు వెలవెలబోయాయి. 2020 నాటి ఐదో పోటీలో వాల్‌మార్ట్ రోజువారీ అమ్మకాలు ఇచ్చినప్పుడు యంత్ర అభ్యాసమే గెలిచింది. వేల వస్తువులు, ఒకదానితో ఒకటి ముడిపడిన రోజువారీ లెక్కలు మీ దగ్గర ఉంటే కృత్రిమ మేధకు వెళ్లండి. యాభై వస్తువులు, మూడేళ్ల నెలవారీ లెక్కలు ఉన్నవాళ్లకు పాత పద్ధతులే మేలు, విద్యుత్తూ మిగులుతుంది. ఎంత మంచి అంచనా అయినా, దుకాణంలో అరలు ఖాళీగా కనబడితే మేనేజరు ప్రోత్సాహకం కోసేసే సంస్థలో సరుకు అంచనాకు మించే తెప్పిస్తారు, మిగిలింది పారేస్తారు.

డిజిటల్ ట్విన్ అంటే గోదాములు, దారులు, కర్మాగారాల నకలు కంప్యూటర్‌లో నడపడం. గోదామును ఎక్కడికి మార్చాలి, విమానం బదులు ఓడలో పంపితే ఎంత నిల్వ పెట్టుకోవాలి వంటి పెద్ద ప్రశ్నలకు అక్కరకొస్తుంది. అలాంటి ప్రశ్నలు కొన్నేళ్లకొకసారి వస్తాయి కాబట్టి, చాలా సంస్థలకు శాశ్వత చందా కన్నా ఒకసారి చేయించుకునే అధ్యయనం చవక.

చట్టం ఎంచినవి

కొన్నిచోట్ల మనకు ఎంపిక లేదు. విద్యుత్ వాహనాల బ్యాటరీలకు, 2 కిలోవాట్ గంటలు దాటిన పారిశ్రామిక బ్యాటరీలకు ఐరోపా సమాఖ్యలో 2027 ఫిబ్రవరి 18 నుంచి క్యూఆర్ కోడ్‌తో తెరుచుకుని బ్యాటరీ వివరాలు చూపే డిజిటల్ పాస్‌పోర్టు ఉండాలి. మీ సరుకు ఆ గొలుసులో ఎక్కడున్నా, అడిగే గడులు ముందుగా తెలుసుకుని డేటా పోగుచేయడం మొదలుపెట్టండి. సాఫ్ట్‌వేర్ కొనుగోలు తర్వాతి సంగతి.

సంతకం పెట్టే ముందు

మీరు చిన్న సరఫరాదారైతే సొంతంగా ఏ సాఫ్ట్‌వేర్ వేదికా కొనకండి. మీ పెద్ద కొనుగోలుదారులు తలా ఒక ప్రశ్నావళి పంపుతారు, అందులో ముప్పావు వంతు ఒకేలా ఉంటుంది. విద్యుత్తు, ఇంధనం, ముడిసరుకు బరువు, ఉత్పత్తి బరువు, వ్యర్థాలు అనే ఐదు అంకెలను నెలనెలా బిల్లులతో సహా ఒకే పట్టికలో ఉంచితే చాలావాటికి అందులోంచే జవాబు ఇవ్వవచ్చు. మీరు ఆ ప్రశ్నావళి పంపే పెద్ద కొనుగోలుదారైతే, సాఫ్ట్‌వేర్ ఖర్చులో కొంత తీసి సరఫరాదారు దగ్గర ఆ పట్టిక నింపే మనిషికి పెట్టండి. నాకు తెలిసినంతలో డేటా నాణ్యతను ఇంతగా పెంచే ఖర్చు మరొకటి లేదు.

ప్రయోగానికి ఒకే సరుకు, ఒకే దారి, మూడు నెలలు తీసుకోండి. చివర పది లాట్లు ఏరి, సాధనం చెప్పిన చరిత్రను కాగితాలు, ఫోన్లతో చేత్తో సరిచూడండి. పదిలో మూడు కలవకపోతే సాధనాన్ని తిట్టకుండా, నమోదు ఎక్కడ జారిందో చూడండి. ఆ మూడు నెలల్లో డేటాను చూసి మీరు మార్చిన నిర్ణయాల జాబితా కూడా రాయండి. జాబితా ఖాళీగా ఉంటే విస్తరించకండి.

ఒప్పందంలో ఒక నిబంధనను మాత్రం మీ చేతులతో రాయించండి: వేదిక మూతపడినా, మీరే మానుకున్నా, మీ డేటా మొత్తం మామూలు ఫైళ్ల రూపంలో, ఫలానా గడువులోగా, అదనపు రుసుము లేకుండా మీకు చేరాలి. మేర్స్క్, ఐబీఎం అంతటివాళ్లు నిలబెట్టినదే ఐదేళ్లు దాటలేదు.